మనిషికి బదులుగా నిలిచిన రాయి

నా చిన్నప్పుడు అని నేను నోరు తెరిస్తే చాలు, మా అమ్మాయి "హియర్ వీ గో, మామ్" అంటూ కళ్ళు తిప్పుతుంది. తిప్పుకోనీ. దానికి నా తెలుగంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం మేముండే వాటర్‌ఫోర్డ్ యాసతో ఐరిష్ ఇంగ్లిషులో వస్తుంది. కాగితానికి కళ్ళు తిప్పే అలవాటు లేదు కాబట్టి ఇక్కడ చెప్పుకుంటున్నాను.

అప్పుడు మేము ఈ దేశంలోనే పడమటి కొసన కాజిల్‌బార్ అనే ఊళ్ళో ఉండేవాళ్ళం. మా నాన్న అక్కడి పెద్దాసుపత్రిలో డాక్టరు. పెద్దాసుపత్రిలో చిన్న డాక్టరు అనాలి నిజానికి, ఎందుకంటే ఆ రోజుల్లో మనవాళ్ళకి ఇచ్చేవన్నీ ఆరు నెలలో ఏడాదో ఉండే ఉద్యోగాలు. జూలై వచ్చిందంటే ఊరు మారాలి. తోటి పిల్లలకి వేసవి సెలవులంటే సముద్రం, ఐస్‌క్రీం. నాకు వేసవి సెలవులంటే అట్టపెట్టెలు. ఒక ఊళ్ళో స్నేహితురాలు దొరికి, ఆ పిల్ల నా పేరు తిన్నగా పలకడం నేర్చుకునే సరికి మా నాన్న సామాను కట్టమనేవారు. కాజిల్‌బార్‌కి వచ్చేనాటికి నాకు పదేళ్ళు. ఇక ఈ ఊళ్ళో నేను పాతుకుపోతాను, నన్ను ఎవరు పీకుతారో చూస్తాను అని మనసులో గట్టిగా అనుకున్నాను.

మేమున్నది ఊరి చివర కొత్తగా కట్టిన ఇళ్ళ వరసల్లో. మధ్యలో గడ్డి మైదానం ఉండేది, దాన్ని అందరూ గ్రీన్ అనేవారు. మా ఇంటికి సరిగ్గా ఎదురింట్లో ఒక రిటైరైన నర్సు ఒంటరిగా ఉండేది. పుట్టింది మా ఊరున్న మాయో కౌంటీలోనే అయినా వయసులో ఉన్నన్నాళ్ళూ కెనడాలో, అదీ ఉత్తరాన మంచుదేశంలో పనిచేసి వచ్చింది. మా అమ్మ ఆమెను నర్సమ్మగారు అనేది. నన్ను ఆంటీ అని పిలవమంది. నేను మొదటిసారి అలా పిలిచిన రోజున ఆ పెద్దావిడ నన్ను పైనుంచి కిందకి చూసి, "నేను నీకు ఆంటీని ఎప్పుడయ్యాను? మా తమ్ముళ్ళెవరూ మీ వైపు పెళ్ళి చేసుకున్నట్టు నాకెవరూ చెప్పలేదే" అంది. మొహంలో నవ్వు లేదు. చేతిలో మాత్రం నా కోసం వెన్న రాసిన బ్రౌన్ బ్రెడ్ ముక్క ఉంది. మొహం ఒకటి చెప్పి చెయ్యి ఇంకోటి చేసే మనుషులంటే నాకు ఇష్టం అక్కడే మొదలైంది.

ఆ ఏడాది వసంతంలో మా ఇళ్ళవాళ్ళ కమిటీకి ఒక ఆలోచన వచ్చింది. కమిటీలో ఒకాయన టొరంటోలో ఉన్న తన చెల్లెలి దగ్గరికి వెళ్ళి, తిరిగి వస్తూ విమానాశ్రయంలో అరచేతిలో పట్టేంత రాతిబొమ్మ ఒకటి కొనుక్కొచ్చాడు. రెండు రాళ్ళు కాళ్ళు, అడ్డంగా పెట్టిన ఒక పొడుగు రాయి చేతులు, పైన గుండ్రాయి తల. ఎస్కిమోలు కడతారట, పేరు ఇనుక్సుక్ అట, అర్థం స్వాగతం అట. మాయో నుంచి కెనడా వెళ్ళని కుటుంబం ఏదీ లేదు కాబట్టి అలా వెళ్ళినవాళ్ళ జ్ఞాపకార్థం గ్రీన్ మీద ఇలాంటిదే నిలువెత్తుది కట్టిద్దాం అన్నాడు. అందరూ గ్రాండ్, గ్రాండ్ అన్నారు. అక్కడ గ్రాండ్ అంటే బ్రహ్మాండం అని కాదు, సరేలే అని.

మా వరసలో చివరింటావిడ ఆ బొమ్మను ఇంటింటికీ తిప్పి చూపించింది. మా గుమ్మం ముందుకూ వచ్చింది. మా అమ్మ చరిత్రలో ఎం.ఏ. చదివింది, అయినా ఆ బొమ్మను చూడగానే ఆవిడ బుర్రలో వెలిగింది ఒక్కటే: కొత్త ఇళ్ళు కదా, దిష్టిబొమ్మ పెడుతున్నారు పాపం. ఎంత సంతోషించిందో! మా దేశంలోనూ పెడతామండీ, అయితే ఇది మరీ ముద్దుగా ఉంది, దీన్ని చూస్తే దిష్టి పోదు సరికదా ఇంకాస్త తగులుతుంది, కోరలూ బయటికి వేలాడే నాలుకా పెట్టించండి అని తన ఇంగ్లిషులో సలహా ఇచ్చింది. బూడిద గుమ్మడికాయ ఇక్కడ దొరకదు గానీ పెద్ద టర్నిప్ ఉంటే దానికి తాను మొహం గీసి ఇస్తానంది. చివరింటావిడ అయోమయంగా, "టర్నిప్‌కి మొహమా? హాలోవీన్‌కి ఇంకా చాలా టైం ఉంది కదా, లవ్?" అని నవ్వి వెళ్ళిపోయింది. బొమ్మ పేరు అమ్మకి నోరు తిరగలేదు. ఆఖరి దాకా దాన్ని ఇసుక చుక్క అనే అంది.

నాకు మాత్రం ఆ రాతిమనిషి తెగ నచ్చాడు. అందులోనూ బడిలో ఒక మాట పాకింది. పీఠం చుట్టూ పిల్లలు ఒక్కొక్కరూ ఒక్కో రాయి పెడతారట, వాటిని సిమెంటుతో బిగించేస్తారట, ఇక ఎప్పటికీ కదలవట. ఎప్పటికీ కదలనిది ఏదైనా సరే, అందులో నాకు వాటా కావాలి! ఆ ఆదివారం మల్‌రానీ సముద్రపు ఒడ్డుకి వెళ్ళినప్పుడు మధ్యాహ్నమంతా వెతికి ఒక రాయి ఏరుకున్నాను. కోడిగుడ్డంత, నల్లటిది, నడుం చుట్టూ తెల్లని గీత. దాన్ని కడిగి, తుడిచి, వంటింటి ప్రెస్‌లో, అంటే అలమరలో, పోపుల డబ్బా వెనక దాచాను.

తర్వాత ఒక రోజు నేను గ్రీన్ మీద ఆడుతుంటే చివరింటావిడ పిల్లలందరినీ పిలిచి ఎవరెక్కడ నిలబడాలో చెప్పింది. నన్ను పిలవలేదు. మరిచిపోయిందేమోనని నేనే వెళ్ళి అడిగాను. ఆవిడ చెడ్డ మనిషి కాదు. నా తల నిమిరి, "ఇది ఇక్కడి ఇళ్ళవాళ్ళ పిల్లలకి, బుజ్జీ. మీది లీజు కదా. జూలైలో వెళ్ళిపోతారు కదా" అంది. అంత మెత్తగా చెప్పిన మాటకి పోట్లాడడం ఎలాగో నాకు అప్పటికింకా తెలీదు. ఇప్పుడు తెలుసు, కానీ ఇప్పుడు నా తల ఎవరూ నిమరరు.

ఇంటికొచ్చి లీజు అంటే ఏంటని అడిగాను. అన్నం తింటున్న నాన్న చెప్పారు. ఎందుకడిగానో తెలిశాక, "ఎటూ వెళ్ళిపోతాం కదమ్మా, రాయి కోసం గొడవెందుకు" అన్నారు.

"గొడవ రాయి గురించి కాదండీ, పిల్ల గురించి. ఆసుపత్రిలో వాళ్ళ రోగులకి మీరు కావాలి, వాళ్ళ బొమ్మ కింద మన పిల్ల రాయి అక్కర్లేదా?" అంది అమ్మ.

"నెమ్మదిగా, గోడలు పల్చన."

"వింటే విననివ్వండి. తెలుగేగా!"

మర్నాడు శనివారం. సన్నటి తుంపర, దాంతో పాటు పొగమంచు. అమ్మ నర్సమ్మగారికి ఇమ్మని ఒక గిన్నెలో పులిహోర పెట్టి నన్ను పంపింది. వెళ్తూ నా నల్ల రాయిని జేబులో వేసుకున్నాను. ఆవిడ నా మొహం చూసి ఏమైందని అడగలేదు. కూర్చోమంది. నేనే మొదలుపెట్టి మొత్తం కక్కేశాను. లీజు సంగతీ, నల్ల రాయి సంగతీ, ఆ ఎస్కిమో బొమ్మ చుట్టూ మిగతా పిల్లలందరి రాళ్ళూ ఎప్పటికీ ఉండిపోతాయన్న సంగతీ.

ముందు ఒక మాట దిద్దింది. వాళ్ళని ఎస్కిమోలనకు, అది ఇతరులు పెట్టిన పేరు, వాళ్ళు తమని ఇనుయిట్ అనుకుంటారు అంది. తర్వాత, కమిటీవాళ్ళు కడుతున్నది ఇనుక్సుక్ కానే కాదంది. కమిటీ తనని సలహా అడిగినప్పుడు ఇదే చెప్పిందట. వాళ్ళు చెవిన పెట్టలేదట. ఇనుయిట్ల భాషలో ఇనుక్ అంటే మనిషి. ఇలా కాళ్ళూ చేతులూ తలా పెట్టి కట్టే దాని పేరు ఇనుంగువాక్, మనిషి బొమ్మ అని అర్థం. ఇనుక్సుక్ వేరు. అది మనిషిలా ఉండనక్కర్లేదు. ఒక నిలువు రాయి కావచ్చు, పేర్చిన రాళ్ళ దొంతర కావచ్చు, ఎదురుగా పెట్టిన రెండు గుట్టలు కావచ్చు. ఇక్కడ మాంసం దాచి ఉందని ఒకటి చెబుతుంది, ఈ నీళ్ళలో చేపలున్నాయని ఒకటి, దారి ఇటు అని ఒకటి. "అది మనిషిలా కనపడదు, మనిషి చేసే పని చేస్తుంది. నాకు తెలిసింది వాళ్ళు నాకు చెప్పినంత వరకే. అంతకు మించి తెలుసంటే అబద్ధం" అంది.

ఒకసారి ఆవిడ దూరపు గుడారాల్లో ఉన్న ఒక నిండు చూలాలిని చూడ్డానికి ఒక వేటగాడి వెంట బయలుదేరిందట. దారిలో ఆకాశమూ నేలా ఒకటే తెలుపైపోయి, పైకీ కిందకీ తేడా తెలియలేదట. ఆ తెలుపులో ఒకచోట నాలుగు రాళ్ళు ఒకదాని మీద ఒకటి కనిపించాయి. ఆయన ఆగి, వాటిని కాసేపు చూసి, దారి మార్చాడు. చూలాలి దగ్గరికి సమయానికి చేరారు. ఆ రాళ్ళు పెట్టిందెవరని ఆవిడ అడిగితే తనకి తెలియదన్నాడట, వాళ్ళ తాత పుట్టేనాటికే అవి అక్కడ ఉన్నాయట. పెట్టినవాడి పేరు తెలియదు, ముఖం తెలియదు, ఆ రాళ్ళ మాట మీద మాత్రం ప్రాణం ఒడ్డి నడిచాడు.

ఇక్కడ కాసేపు కథ ఆపి పోట్లాడాలి. తప్పదు. మొన్నీమధ్య మా తెలుగు సంఘం సమావేశంలో ఒక కుర్రాడు, రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీకి రోజూ కారేసుకుని వెళ్ళే బుద్ధిమంతుడు, ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. పార్కులో మన సంఘం తరఫున రాతిమనిషిని పెడదామట. అదే కాళ్ళూ చేతులూ తలా, కాకపోతే చేతులు నమస్కారం పెడుతుంటాయి. కింద సంఘం పేరు, దాని కింద కార్యవర్గం పేర్లు. "అది ఎవరిది నాయనా?" అన్నాను. "యూనివర్సల్ సింబల్ ఆంటీ" అన్నాడు. యూనివర్స్‌కి ఎవరిచ్చారు? ఆ ఉత్తరపు మనుషులు తమ సొంత ప్రాంతపు జెండా మీద రాళ్ళ గుర్తు పెట్టుకున్నారు. అది వాళ్ళ ఇంటి గుర్తు, వాళ్ళ ఇష్టం. దాన్ని తీసుకెళ్ళి తాళంచెవులకి తగిలించి, హోటళ్ళ ముందు నిలబెట్టి, అర్థం మార్చి, ఇప్పుడు దాని చేత నమస్కారం కూడా పెట్టిస్తామా? రేపు ఎవరో మన కలశం పట్టుకెళ్ళి పూలకుండీల దుకాణానికి గుర్తుగా పెట్టుకుంటే వాట్సాప్‌లో ఎన్ని రోజులు యుద్ధం జరుగుతుందో నాకు తెలుసు, ఎందుకంటే మొదటి మెసేజ్ నాదే అయ్యుంటుంది. ఆ రోజు సమావేశంలో నా గొంతు పెద్దదైందని మా ఆయన అన్నారు. ఈ విషయంలో నా గొంతు ఇంత పెద్దది ఎందుకైందో ఆయనకి చెప్పాలంటే ఆ శనివారం గురించే చెప్పాలి.

నర్సమ్మగారు చెప్పిన కథ విన్నాక నేను ఏమీ కరగలేదు. పదేళ్ళ పిల్లకి ఎక్కడో మంచులో రాళ్ళుంటే ఏంటి, తన రాయి గ్రీన్ మీద లేదు కదా! ఆ మాటే అన్నాను. నర్సమ్మగారు లేచి, పచ్చ కోటు వేసుకుని, రబ్బరు బూట్లు తొడుక్కుని, పద అంది.

ఇళ్ళ వెనక ఆవిడకే ఒక పొలం ఉండేది. పొలమంటే పంట కాదు, గడ్డీ తుంగా. టౌన్‌కి అడ్డదారి కాబట్టి అందరూ దాంట్లోంచే నడిచేవారు, ఆవిడ ఎవరినీ కాదనేది కాదు. మధ్యలో ఒక సన్న కాలువ, దాని చుట్టూ బురద. ఒక్కచోట మాత్రమే అడుగున రాతినేల ఉండి కాలు గట్టిగా ఆనుతుంది. రోజూ నడిచేవాళ్ళకి కూడా వానలు పడితే ఆ చోటు ఆనవాలు దొరకదు. మా అమ్మ చెప్పు ఒకటి ఇప్పటికీ అందులోనే ఉంది.

నర్సమ్మగారు ఆ గట్టి చోట నిలబడి, అటు వైపు గేటు దాకా వెళ్ళి, గేటు తాకి, వెనక్కి తన దగ్గరికి రమ్మంది. అంతే. వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళాను. గేటు తాకి వెనక్కి తిరిగితే ముందు ఏమీ లేదు. మంచు కమ్మేసింది. పసుపు పూల ముళ్ళపొదలు కూడా బూడిదరంగులో కలిసిపోయాయి. "ఆంటీ!" అని అరిచాను. పలకలేదు. మళ్ళీ అరిచాను. పలకలేదు. కోపమొచ్చింది, తర్వాత భయమేసింది. కదలకుండా నిలబడి కళ్ళు చిట్లించి చూస్తే, ఎడమ పక్కగా, నేను వచ్చాననుకున్న వైపుకి కాకుండా ఇంకో వైపున, మంచులో ఒక నిలువు గీత. చెట్టు కాదు. పొద కాదు. దాని వైపే చూస్తూ నడిచాను. తుంగ మొలిచిన చోట తప్పుకుంటూ, ఆ గీత మీద నుంచి చూపు తిప్పకుండా. దగ్గరికి వెళ్ళే సరికి అది పచ్చ కోటైంది, తర్వాత ముక్కు చివర నీటిబొట్టు వేలాడుతున్న నర్సమ్మగారైంది. చేతులు రెండూ కోటు జేబుల్లోనే ఉన్నాయి.

"ఎందుకు పలకలేదు?" అని ఏడుపు గొంతుతో అడిగాను.

"రాళ్ళు పలుకుతాయా? ఏం చూసి వచ్చావు? నా ముఖం చూసా?"

"కనపడలేదు."

"చేతులు?"

"లేవు."

"మరి?"

ఏదో నిలబడి ఉందనీ, అది దానంతట అది మొలిచింది కాదనిపించిందనీ చెప్పాను. ఆవిడ తలూపింది. ఆ తర్వాత అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "బాగుంది. ఇప్పుడు నా కాళ్ళు గడ్డకట్టాయి, నాకు టీ కావాలి. నేను ఇంటికి పోతే నీ తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఇక్కడ ఎవరు నిలబడతారు?"

కూలిన పాత గోడ నుంచి రాళ్ళు మోశాం. నేను జేబులోంచి నా నల్ల రాయి తీశాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చాలా అందమైన రాయి, ఎందుకూ పనికిరాదు, గుండ్రటిది దేని మీదా నిలవదు, జేబులోనే పెట్టుకో అని తిరిగి ఇచ్చేసింది. బల్లపరుపుగా, మొద్దుగా, చూడ్డానికి ఏ అందమూ లేని రాళ్ళు ఏరించింది. ఒకటి పెట్టాక కుదురుకునే దాకా కదిపి చూడమంది. చిన్న రాళ్ళు ముక్కలు చేసి సందుల్లో దోపించింది. నా నడుం ఎత్తు వచ్చేసరికి చేతులు ఎర్రబడి మండుతున్నాయి. దానికి తల లేదు, చేతులు లేవు. సిమెంటు లేదు, పేరు లేదు. అవతలి గట్టున ఇంకోటి పేర్చాం. ఈ రెండింటి మధ్య నడిస్తే కాలు దిగబడదు. అంతే దాని కథ.

ఇంటికెళ్ళి అమ్మకి మొత్తం చెప్పాను. అయితే ఇనుక్సుక్‌కి అర్థం చెప్పబోతే నా దగ్గర తెలుగు లేదు. మనిషి లాంటిది కాదు, మనిషి ప్లేసులో, మనిషి ఇన్‌స్టెడ్, అని తడబడ్డాను. అమ్మ పప్పు రుబ్బుతూ, "మనిషికి బదులు" అంది. తర్వాత చెయ్యి ఆపింది. "భలే మాటే ఇది. నీ బదులు నేను నిలబడితే బదులే. నువ్వు పిలిస్తే నేను పలికినా బదులే. పంచదార అయిపోతే పక్కింటి నుంచి తెచ్చుకున్నదీ బదులే." అప్పుడు నా వైపు చూసి, "మరి పిలిస్తే పలకలేదన్నావు? పలకడమంటే నోటితోనేనా, నిలబడింది కదా ఆవిడ" అంది. ఇసుక చుక్క అన్న నోటితోనే అంది ఆ మాట.

రెండు వారాల తర్వాత ఆదివారం, చర్చిలో పూజ అయ్యాక, గ్రీన్ మీద అందరూ చేరారు. పట్టుచీర మీద వానకోటు వేసుకుని మా అమ్మ, ఆవిడ చెయ్యి పట్టుకుని నేను. నర్సమ్మగారు కూడా వచ్చింది, రాకపోతే తర్వాత తిట్టే హక్కు పోతుందని. టొరంటో ఆయన బొమ్మ మీద కప్పిన దుప్పటి లాగాడు. రాతిమనిషి బాగానే ఉన్నాడు, ఎవరైనా ఒప్పుకోవాలి. చేతులు చాచి, నిండుగా, ఫొటోకి నిలబడ్డట్టు. పీఠం చుట్టూ పిల్లల రాళ్ళు సిమెంటులో మెరుస్తున్నాయి. వాటి మధ్య ఖాళీ ఏదైనా ఉందేమోనని నా కళ్ళు వెతికాయి. అంతా తెలిశాక కూడా వెతికాయి. తెలుసుకోవడం వేరు, కళ్ళు వేరు.

చివరింటావిడ ఆ సమయానికి లేదు. టీలోకి క్రీం కేకు తేవడానికి టౌన్‌కి వెళ్ళింది. చప్పట్లన్నీ అయిపోతుండగా కేకు పెట్టె పట్టుకుని వెనక పొలం వైపు నుంచి ఆయాసపడుతూ వచ్చింది. రాగానే బొమ్మను చూడలేదు, కాళ్ళ వైపు చూసుకుంది. "కాలువ దగ్గర ఆ రాళ్ళు ఎవరు పేర్చారో గానీ దేవుడు చల్లగా చూడాలి. మంచి బూట్లేసుకుని మరీ అడ్డదారిన పడ్డాను, ఒక్క చుక్క తగల్లేదు నాకు!" అంది.

"ఊరి కౌన్సిల్ వాళ్ళయ్యుంటారు" అన్నాడు టొరంటో ఆయన.

"కౌన్సిలా? మనం బతికుండగానా?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

నా నోరు తెరుచుకుంది. నేనే, నేనే అన్న మాట నాలుక చివరి దాకా వచ్చింది. నర్సమ్మగారి వైపు చూశాను. ఆవిడ సైగ చేయలేదు, వద్దనలేదు, అవుననలేదు. కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడింది, అంతే. నేను చివరింటావిడ బూట్ల వైపు చూశాను. మీగడరంగువి, కొత్తవి, చిన్న మడమలు. మడమల దగ్గర గడ్డిపోచ కూడా అంటలేదు. అవి అలా పొడిగా ఉండడం నా పని. ఆవిడకి తెలియదు. తెలియకుండానే నా మాట విని, నేను చెప్పినచోట అడుగేసి, నా దారిన వచ్చింది. లోపల ఏదో వెచ్చగా కదిలింది. చెబితే అది చల్లారిపోతుందేమోనని భయమేసింది. నోరు మూసుకున్నాను. నేను ఊరికే నోరు మూసుకోవడం మా అమ్మ అంతకుముందు చూడలేదు. జ్వరమేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

జూలైలో సామాను కట్టాం. నల్ల రాయి ఆ ఇళ్ళు మారడంలోనే ఎక్కడో పోయింది. నర్సమ్మగారు గుమ్మంలో నిలబడి, వెళ్ళి రమ్మని చెయ్యి ఊపకుండా, దారిలో తినమని ఒక బ్రెడ్డు మాత్రం ఇచ్చింది. ఆ తర్వాత ఎన్నో ఊళ్ళు. కొన్నేళ్ళు గుంటూరు, అక్కడి కాలేజీ, మళ్ళీ ఈ దేశం, మళ్ళీ లీజులు. నాలో మరీ పెద్ద మార్పేమీ రాలేదు. ఇప్పటికీ సంఘం కరపత్రంలో నా పేరు తప్పుగా అచ్చయితే ఎడిటర్‌కి ఫోన్ వెళుతుంది. అయినా కొత్త ఊరికి వెళ్ళినప్పుడల్లా నాకు ఇక్కడ చోటుందా అన్న ప్రశ్న మునుపటంత కుట్టడం మానేసింది. దాని స్థానంలో ఇంకో ప్రశ్న వచ్చి కూర్చుంది: ఇక్కడ కాలు దిగబడేది ఎక్కడ? ఏ జీపీ డాక్టరు కొత్తవాళ్ళని చేర్చుకుంటాడు, ఏ ఇంటి ఓనరు డిపాజిట్ తిరిగివ్వడానికి ఏడిపిస్తాడు, ఏ బడిలో మన పిల్లల పేర్లు ఓపిగ్గా నేర్చుకుంటారు, ఇవన్నీ ముందు నేను బురదలో పడి తెలుసుకుంటాను. తర్వాత వచ్చిన అమ్మాయిలకి చెబుతాను. వాళ్ళు ఇంకొకరికి చెబుతారు. నాలుగో అమ్మాయి దగ్గరికి వచ్చేసరికి అది నా మాట అని ఎవరికీ తెలియదు. ఒక్కోసారి ఎవరో నాకే వచ్చి చెబుతారు, "ఆంటీ, మీకు తెలీదేమో, ఆ క్లినిక్‌కి వెళ్ళండి" అని. అలాగేనమ్మా అంటాను. ఆ ఒక్క సందర్భంలోనే నేను ఎదురు చెప్పను.

ఇంకో అలవాటు కూడా మిగిలింది, దానికి మా అమ్మాయి ఎంత నవ్వినా సరే. వాన రోజున ఎవరైనా మా ఇంటికి వస్తే వాళ్ళ ముఖం కంటే ముందు పాదాల వైపు చూస్తాను. తడిసిపోయి ఉంటే తువ్వాలు తెస్తాను. పొడిగా ఉంటే మాత్రం ఒక్క క్షణం ఆగిపోతాను. వీళ్ళు వచ్చిన దారిలో ఎక్కడో ఒకచోట, ఎవరో చలికి చేతులు ఎర్రబడేలా ఏదో పేర్చి, టీ తాగడానికి ఇంటికి వెళ్ళిపోయి ఉంటారు.